ఎర్రచేప... వదిలేస్తే బతుకుతుందా?

మనకు సంక్రాంతి మూడు రోజులు. దసరా అయితే పది రోజులు. అమెరికా తూర్పు తీరంలో సరదాకి చేపలు పట్టేవాళ్లకూ ఓ పండగ ఉంది. 2024లో అది ఒకే ఒక్క రోజు వచ్చింది. జులై 12, శుక్రవారం. నార్త్‌ కరోలినా నుంచి ఫ్లోరిడా దాకా ప్రభుత్వజలాల్లో ‘రెడ్‌ స్నాపర్‌’ అనే చేపను పట్టుకుని ఇంటికి తీసుకెళ్లడానికి ఆ ఏడాది మొత్తానికీ దొరికిన అనుమతి అది. అదీ మనిషికి ఒక్క చేప... ఒక్కటంటే ఒక్కటి! మర్నాడు అదే చేప గాలానికి చిక్కినా తిరిగి నీళ్లలో వదిలేయాల్సిందే. 2025లో కాస్త కనికరించారు. రెండు రోజులిచ్చారు.

ఇదంతా వింటే ‘పాపం, అంతరించిపోతున్న చేప కాబోలు’ అనిపిస్తుంది. అక్కడే ఉంది తిరకాసు. ఆ తీరంలో రెడ్‌ స్నాపర్‌ ఇప్పుడు కావలసినంత ఉంది. వేరే చేప కోసం ఎర వేసినా ముందు ఇదే వచ్చి కరుచుకుంటోందని గాలం వేసేవాళ్లు విసుక్కునేంతగా ఉంది. మరి ఒక్కరోజేమిటి అంటే అధికారులు చెప్పే జవాబు వింతగా ఉంటుంది. తినడానికి పట్టుకెళ్లిన చేపలవల్ల కాదట, పట్టుకుని వదిలేసిన చేపలవల్లట! ఏడాది పొడవునా పొరపాటున గాలానికి చిక్కి, చట్టప్రకారం మళ్లీ సముద్రంలోకి వెళ్లినవాటిలో చాలా చచ్చిపోతున్నాయి. ఇంటికి చేరే చేపలకన్నా ఇలా పోయేవే ఎక్కువని వాళ్ల అంచనా. ఆ చావుల్ని లెక్కలోంచి తీసేస్తే ఇక పండగకు మిగిలేది ఆ ఒకటీ రెండు రోజులే.

నీళ్లలో పుట్టి నీళ్లలో పెరిగిన చేప, నీళ్లలోకి తిరిగి వెళ్లాక ఎందుకు చస్తుంది? ఈ వారం కథంతా దాని చుట్టూనే.

నలుపులో ఎరుపు

రెడ్‌ స్నాపర్‌ సొంతూరు మెక్సికో సింధుశాఖ. అమెరికా, మెక్సికోల మధ్య పెద్ద గిన్నెలా ఉండే సముద్రం అది. (2025లో అమెరికా ప్రభుత్వం తన కాగితాల్లో దాని పేరును ‘గల్ఫ్‌ ఆఫ్‌ అమెరికా’గా మార్చుకుంది. చేపలకు ఆ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.) అక్కడినుంచి ఫ్లోరిడా చుట్టి తిరిగి అట్లాంటిక్‌ తీరం వెంబడి నార్త్‌ కరోలినా వరకూ కనిపిస్తుంది. క్యూబాకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త ఫెలిపె పోయె 1860లో దీనికి ‘లూట్జానస్‌ కాంపెచానస్‌’ అని శాస్త్రీయనామం పెట్టాడు. మెక్సికోలోని కాంపెచే తీరం పేరు మీద వచ్చిందది.

విశాఖలోనో హైదరాబాద్‌లోనో పెద్ద హోటళ్ల మెనూలో రెడ్‌ స్నాపర్‌ అని చూసి ‘అదే కదా’ అనుకునేరు. కాదు. మన బంగాళాఖాతంలో దొరికే ఎర్ర స్నాపర్లు దీనికి దాయాదులు. ఒకే కుటుంబం, వేరే జాతులు. ఈ కథలోని చేప అట్లాంటిక్‌ దాటి మనవైపు రాదు.

చూడ్డానికి గులాబీ కలిసిన ఎరుపు. కళ్లు కూడా ఎర్రగానే ఉంటాయి. రొయ్యలూ పీతల్లాంటివి తింటే వాటిలోని రంగు పదార్థం ఒంటికి పడుతుంది. మరి ఇంత కొట్టొచ్చే రంగుతో ఉంటే సొరచేపలకు ఇట్టే దొరికిపోదా అంటే... దొరకదు. సూర్యకాంతిలోని ఎరుపు నీళ్లలో అన్నిటికన్నా ముందు ఇంకిపోతుంది. రెడ్‌ స్నాపర్‌ ఉండేది 10 మీటర్ల లోతు నుంచి దాదాపు 190 మీటర్ల దాకా. ఆ లోతులో ఎరుపన్నది నల్లగా, మసకగా కనిపిస్తుంది. మన పడవ మీద మిలమిల్లాడిన రంగు దాని ఇంట్లో చీకటి ముసుగన్నమాట. ఇక, నోరు తెరిస్తే ముందువైపు కోరపళ్లు. చటుక్కున కరుస్తుంది కాబట్టే స్నాపర్‌.

పుట్టుక మాత్రం మహా అల్పంగా ఉంటుంది. వేసవి నెలల్లో ఆడచేప విడతలు విడతలుగా గుడ్లు పెడుతుంది. ఒక్కో గుడ్డూ మిల్లీమీటరుకన్నా చిన్నది. నీటి మీద తేలుతూ ఒక రోజులోనే పిల్ల అవుతుంది. తల్లి లేదు, గూడు లేదు. దాదాపు నెల రోజులు ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు. ఆ తర్వాత అడుగుకు దిగుతుంది. దిగేది రాతిదిబ్బ మీదకి కాదు, బురద, ఇసుక, గవ్వల పెంకులు ఉన్న బల్లపరుపు నేల మీదకి. పెద్దవాళ్లుండే దిబ్బమీద చిన్నవాళ్లకు చోటుండదు మరి, తినేస్తారు! ఏడాది, రెండేళ్లు వచ్చి కాస్త ఒళ్లు చేశాకే రాళ్లూ దిబ్బల మధ్యకు చేరుతుంది. ఆ తర్వాత తన చోటును అంటిపెట్టుకుని ఉంటుంది. తుపాన్లొస్తే తప్ప. 1995లో ఓపల్‌ హరికేన్‌ వచ్చినప్పుడు, శాస్త్రవేత్తలు గుర్తుబిళ్లలు కట్టి వదిలిన స్నాపర్లు చాలా దూరాలకు వెళ్లిపోయినట్టు తేలింది.

బాంబులు చెప్పిన వయసు

ఈ చేప ఎన్నేళ్లు బతుకుతుందంటారు? మన చెరువులో బొచ్చె చేపను చూసిన అలవాటుతో ఐదేళ్లో పదేళ్లో అనుకుంటాం. రెడ్‌ స్నాపర్‌ 50 ఏళ్లు దాటి కూడా బతుకుతుంది. అంటే, బతకనిస్తే, మనింట్లో తాతయ్య ఉద్యోగంలో చేరిననాడు పుట్టిన చేప ఆయన మనవడి పెళ్లినాటికీ ఈదుతూ ఉండొచ్చు.

ఆ సంగతి ఎలా తెలిసిందన్నది ఇంకా బాగుంటుంది. చేప తలలో, చెవి భాగంలో చిన్న రాయి లాంటిది ఉంటుంది. చెవిరాయి అనుకుందాం. చెట్టు మానులో వలయాల్లాగే దీనిలోనూ ఏడాదికో పొర చేరుతుంది. దాన్ని పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టి పొరలు లెక్కపెడితే వయసు వస్తుంది. అయితే 50 పొరలు కనిపించినప్పుడు చాలామంది నమ్మలేదు. ఏడాదికి ఒక్క పొరే పడుతుందని గ్యారంటీ ఏమిటని అడిగారు. దానికి సాక్ష్యం అణుబాంబుల నుంచి దొరికింది. 1950, 60 దశకాల్లో అగ్రరాజ్యాలు పోటీపడి చేసిన అణుపరీక్షలవల్ల గాలిలోనూ సముద్రంలోనూ ఒక రకం కార్బన్‌ ఒక్కసారిగా పెరిగింది. ఆ రోజుల్లో పుట్టిన చేపల చెవిరాళ్లలో ఆ గుర్తు అలాగే ఉండిపోయింది. పొరల లెక్క చెప్పిన పుట్టిన సంవత్సరం, బాంబుల గుర్తు చెప్పిన సంవత్సరం సరిపోయాయి. ఇంకేం అంటారు!

మొదటి ఎనిమిది, పదేళ్లు గబగబా పెరిగి ఆ తర్వాత నెమ్మదిస్తుంది. మీటరు దాకా పొడవు, ఇరవై కిలోల పైన బరువు రావచ్చు. గాలంతో పట్టినవాటిలో ప్రపంచ రికార్డు 1996 జూన్‌లో లూసియానా దగ్గర దొరికిన చేపది. 50 పౌండ్ల 4 ఔన్సులు. అంటే దాదాపు 22.8 కిలోలు.

పెద్దచేప విలువ బరువులో లేదు, కడుపులో ఉంది. చేపల శాస్త్రవేత్తలు తరచూ చెప్పే లెక్క ఒకటుంది. 61 సెంటీమీటర్ల ఆడ స్నాపర్‌ ఒక్కటి పెట్టే గుడ్లు, 42 సెంటీమీటర్లవి 212 కలిసి పెట్టే గుడ్లతో సమానం. పొడవు ఒకటిన్నర రెట్లు కూడా లేదు, గుడ్లు మాత్రం 212 రెట్లు! అందుకని ‘పెద్దదాన్ని ఫొటో తీసుకుని వదిలేద్దాం, చిన్నదాన్ని కూరొండుకుందాం’ అంటే చాలా తెలివైన పనిలా ఉంటుంది. ఆ పెద్దది బతికితే.

పాత కార్లూ యుద్ధట్యాంకులూ

రెడ్‌ స్నాపర్‌ అంటే అమెరికా దక్షిణ రాష్ట్రాలవాళ్లకు ఎంత పిచ్చో చెప్పాలంటే అలబామా గురించి చెప్పాలి. గల్ఫ్‌ వైపు ఆ రాష్ట్రానికి ఉన్న తీరం దాదాపు 85 కిలోమీటర్లే. మన ఆంధ్రా తీరంలో పదో వంతు కూడా కాదు. పైగా ఆ సముద్రపు అడుగు చాలావరకూ బురదా ఇసుకా. స్నాపర్‌ ఇల్లు కట్టుకోవడానికి రాయి లేదు. మరి సరదాకి పట్టే రెడ్‌ స్నాపర్‌లో గల్ఫ్‌ మొత్తంమీద మూడో వంతు దాకా అక్కడే దొరుకుతుందని లెక్కలు చెబుతుంటే ఎలా నమ్మడం?

ఇల్లు వాళ్లే కట్టారు. 1953లో ఆరెంజ్‌ బీచ్‌ ఊళ్లో పడవలు అద్దెకు నడిపేవాళ్లు 250 పాత కారు డొక్కుల్ని తీసుకెళ్లి సముద్రంలో ముంచారు. చేపలొచ్చాయి. ఇంకేముంది... పాత పడవలు, వంతెనల శిథిలాలు, సిమెంటు తూములు, 1990ల్లో సైన్యం వదిలించుకున్న వంద యుద్ధట్యాంకులు కూడా వరసగా నీళ్లలోకి వెళ్లాయి. ఇందుకోసమే 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా సముద్రాన్ని కేటాయించారు. అనుమతి తీసుకుని ఎవరి దిబ్బ వాళ్లు వేసుకోవచ్చు. దాని గుర్తులు మాత్రం సొంత తమ్ముడికి కూడా చెప్పరని జోకులున్నాయి. వీటికి తోడు లూసియానా, టెక్సాస్‌ వైపు సముద్రంలో చమురు బావుల ఉక్కు కాళ్లు. ఒకప్పుడు నాలుగు వేలకు పైగా ఉండేవి. బావి ఎండిపోయాక ఆ కాళ్లను పూర్తిగా పీకేయకుండా అడుగునే దిబ్బగా ఉంచేసే పథకం 1980ల నుంచీ ఉంది.

ఈ దిబ్బలు చేపల్ని పెంచుతున్నాయా, లేక ఎక్కడెక్కడో ఉన్నవాటిని ఒకచోటికి పోగేసి గాలానికి అందిస్తున్నాయా అన్నదానిమీద శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. నాకైతే రెండూ నిజమేననిపిస్తుంది. సినిమా హాలు కడితే జనం పోగవుతారు. ఊరు కడితే పెరుగుతారు. కారుడొక్కు మొదటిదా రెండోదా అన్నది దాని చుట్టూ ఎంతమంది గాలాలు వేస్తున్నారన్న దానిబట్టి ఉంటుంది.

పట్టే పద్ధతిలో పెద్ద రహస్యం లేదు. ముందు పడవలోని తెర మీద దిబ్బ ఎక్కడుందో చూసుకుంటారు. దానిమీద పడవను నిలిపి సీసపు గుండు కట్టిన తాడును తిన్నగా అడుగుకు వదులుతారు. ఎర కందవాయి ముక్కో చిన్న చేపో. పెద్దదాని కోసం బతికున్న చేపనే గుచ్చుతారు. తాకీ తాకనట్టు రెండుసార్లు టకటకమని, మూడోసారి కర్ర వంగిపోతుంది. ఇక్కడ కొత్తవాళ్లు చేసే పని ఒక్కసారిగా గుంజడం. అలా గుంజకూడదు. కారణం కొక్కెం. 2008 నుంచి గల్ఫ్‌లో దిబ్బచేపల్ని సహజమైన ఎరతో పట్టాలంటే గుండ్రంగా వంగి, మొన లోపలికి తిరిగిన కొక్కేన్నే వాడాలని నిబంధన పెట్టారు. మామూలు కొక్కేన్ని చేప మింగితే అది గొంతులోనో పేగులోనో దిగుతుంది. ఈ గుండ్రటిది జారివచ్చి మూతి మూల పట్టుకుంటుంది. నెమ్మదిగా తాడు చుడితే చాలు. వదిలేయాల్సిన చేపకు మొదటి గండం ఇలా తప్పింది.

రెండో గండం ఉంది. దాన్ని కొక్కెం తప్పించలేదు.

నోట్లోంచి పొట్ట

చేప కడుపులో ఒక గాలితిత్తి ఉంటుంది. నీళ్లలో మునగకుండా, తేలిపోకుండా ఉన్నచోట నిలబడటానికి అదే ఆధారం. కొన్ని చేపలకు ఈ తిత్తి నుంచి గొంతుకు గొట్టం ఉంటుంది. గాలి ఎక్కువైతే త్రేన్చినట్టు వదిలేస్తాయి. రెడ్‌ స్నాపర్‌కు ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. తిత్తిలో గాలి పెరగాలన్నా తగ్గాలన్నా రక్తం ద్వారానే, మెల్లమెల్లగా.

ఇప్పుడు లెక్క చూడండి. నీళ్లలో ప్రతి 10 మీటర్ల లోతుకూ మన మీదుండే గాలి ఒత్తిడి అంత ఒత్తిడి అదనంగా చేరుతుంది. 30 మీటర్ల అడుగున ఉన్న చేప మీద ఒత్తిడి పైకన్నా నాలుగు రెట్లు. దాన్ని రెండు మూడు నిమిషాల్లో పైకి లాగేస్తే తిత్తిలోని గాలి నాలుగింతలవుతుంది. ఎక్కడికి పోతుంది? లోపలి అవయవాల్ని నెట్టేస్తుంది. కళ్లు ఉబ్బి బయటికొస్తాయి. నోట్లోంచి గులాబీ రంగులో బుడగలాంటిది పొడుచుకొస్తుంది. చాలామంది దాన్నే గాలితిత్తి అనుకుని పొడిచి గాలి తీసేస్తుంటారు. అది తిత్తి కాదు, దాని పొట్ట! తిరగబడి నోట్లోంచి బయటికొచ్చిన జీర్ణాశయం. దాన్ని పొడవడమంటే మేలు చేయబోయి కడుపులో కత్తి దింపడమే.

ఇలాంటి చేపను ‘పో, బతికిపో’ అని నీళ్లలోకి విసిరితే అది కిందకి వెళ్లలేదు. బెలూన్‌లా పైనే తేలుతుంది. ఎండకు కాసేపు, పక్షులకు కాసేపు. అసలైన యముళ్లు డాల్ఫిన్లు. గల్ఫ్‌లో పడవల వెనకాలే తిరుగుతూ వదిలేసిన స్నాపర్లను ఏరుకు తినడం అవి బాగా నేర్చేశాయి. మన సినిమాల్లో డాల్ఫిన్‌ ఎంత మంచిదో కానీ స్నాపర్‌కు మాత్రం కాదు. సొరచేపల సంగతి చెప్పనే అక్కర్లేదు.

దీనికి రెండు మందులున్నాయి. ఒకటి సూది. రొమ్ము రెక్క వెనకాల ఒక అంగుళం దూరంలో, పొలుసు కిందుగా ఏటవాలుగా బోలు సూది గుచ్చితే తిత్తిలో గాలి బుస్సుమని పోతుంది. చేయి తిరిగినవాళ్లు చేస్తే మంచిదే. కదిలే పడవమీద, జారిపోయే చేపను పట్టుకుని, మొదటిసారి వచ్చిన టూరిస్టు చేస్తే? రెండోది బరువు. చేప కింది పెదవిని పట్టుకునే పట్టకారు లాంటిదానికి అరకిలో, కిలో గుండు కట్టి చేపను అది వచ్చిన లోతుకే దింపేస్తారు. దిగేకొద్దీ ఒత్తిడి పెరిగి గాలి తనంతట తనే కుంచించుకుంటుంది. పొట్ట లోపలికి వెళ్లిపోతుంది. నిర్ణీత లోతుకు చేరగానే పట్టకారు దానంతటదే తెరుచుకునే రకాలూ ఉన్నాయి. శబ్దసంకేతాలు పంపే చిన్న పరికరాలు చేపలకు అమర్చి చూస్తే, ఇలా దింపినవి ఊరికే పైన వదిలేసినవాటికన్నా బాగా బతికాయని పరిశోధనల్లో తేలింది. గల్ఫ్‌లో దిబ్బచేపలకు వెళ్లే ప్రతి పడవలో సూదో ఈ దింపుడు సాధనమో సిద్ధంగా ఉండాలంటూ అమెరికా పార్లమెంటు చట్టం చేసింది. 2022 జనవరిలో అది అమల్లోకి వచ్చింది.

హ్యూస్టన్‌లో మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. అక్కడికి గంట దూరంలో గాల్వెస్టన్‌ రేవు. టికెట్టు కొనుక్కుని జట్టుగా చేపలవేటకు వెళ్లే పెద్ద పడవలు అక్కడ ఉంటాయి. సెలవుల్లో పిల్లలతో వెళ్లేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. ఆ గుండూ పట్టకారూ పెట్టెలో అడుగున కాదు, తాడు కట్టి చేతికందేలా ఉండాలి. చేప పైకొచ్చాక వెతుక్కుంటే ఆ రెండు నిమిషాలే దాని ఆయుష్షు.

194 నుంచి 3కి

ఈ చేపమీద కరవు కొత్తది కాదు. అమెరికా అంతర్యుద్ధం తర్వాత ఐసు, రైళ్లు వచ్చాక ఫ్లోరిడాలోని పెన్సకోలా ఊరు రెడ్‌ స్నాపర్‌ వ్యాపారానికి రాజధాని అయిపోయింది. 1880ల నాటికే దగ్గర్లోని దిబ్బలు పలచబడి తెరచాప ఓడలు మెక్సికో వైపు కాంపెచే దాకా వెళ్లాల్సి వచ్చింది. నూరేళ్ల తర్వాత, 1988లో తొలిసారి శాస్త్రీయంగా లెక్కవేసినప్పుడు చేప ప్రమాదకరంగా తగ్గిపోయిందని తేలింది. ఆ తర్వాత ఆంక్షలు మొదలయ్యాయి. వ్యాపారానికి పట్టేవాళ్లకు 2007లో ఎవరి వాటా వాళ్లకు ముందే పంచేశారు. అంతకుముందు నెలలో పదిరోజులు తలుపు తెరిస్తే గాలివానలో కూడా ఎగబడి వెళ్లేవాళ్లు. వాటా వచ్చాక ఆ పరుగు తగ్గింది.

సరదా వేటగాళ్ల సంగతి తలకిందులైంది. గల్ఫ్‌లో వాళ్లకు 2007లో 194 రోజులు. 2008లో 65. 2012లో 46. 2014లో 9. 2017లో సొంత పడవలవాళ్లకు ఇచ్చింది అక్షరాలా 3 రోజులు! చేప పెరుగుతున్నకొద్దీ రోజులు తగ్గాయి. ఎందుకంటే కోటా ఇన్ని చేపలని కాదు, ఇన్ని పౌండ్లని. ఆంక్షల పుణ్యమా అని చేపలు లావెక్కాయి, తేలిగ్గా దొరుకుతున్నాయి. దాంతో కోటా చిటికెలో నిండుతోంది. పైగా తీరానికి దగ్గరగా ఉండే తమ జలాల్లో రాష్ట్రాలు విడిగా ఎక్కువ రోజులిచ్చుకున్నాయి. అక్కడ పట్టిందీ ఆ కోటాలోకే వస్తుంది. 2017లో జనం గగ్గోలు పెడితే ప్రభుత్వం మరో 39 రోజులు కలిపింది. పర్యావరణ సంస్థలు కోర్టుకెక్కాయి. చివరికి 2020 నాటికి సొంత పడవల సీజను రాష్ట్రాల చేతికే ఇచ్చేశారు.

‘అసలు మీకు సముద్రంలో ఎన్ని చేపలున్నాయో తెలుసా?’ అని వేటగాళ్లు ఎప్పటినుంచో నిలదీస్తుండేవారు. దాంతో కోటి డాలర్లకు పైగా ఖర్చుపెట్టి కెమెరాలు, శబ్దతరంగాలు, గుర్తుబిళ్లలతో లెక్క తీశారు. 2021లో వెలువడిన ఆ నివేదిక ప్రకారం అమెరికా వైపు గల్ఫ్‌లో రెండేళ్లు దాటిన స్నాపర్లు దాదాపు 11.8 కోట్లు. అంతకుముందు అనుకున్నది 3.6 కోట్లు! మిగతావి ఎక్కడ దాక్కున్నాయి? దిబ్బల దగ్గర కాదు, ఎవరూ గాలం వేయని మైదానంలాంటి అడుగున. ఎనిమిది, పదేళ్లు దాటి ఒళ్లు ముదిరిన స్నాపర్‌కు ఇక ఇల్లూ గోడా అక్కర్లేదు, బయటికి వెళ్లిపోతుంది. ఆ అంకె మీద నిపుణుల మధ్య వాదన నడిచింది. అంకె మాట ఎలా ఉన్నా, ముసలిచేపలు దూరంగా బతుకుతున్నాయన్నది మాత్రం మంచి కబురే.

మన రొయ్యకేమిటి సంబంధం?

రెడ్‌ స్నాపర్‌ పిల్లలు మొదటి ఏడాది బురదనేల మీద ఉంటాయని చెప్పుకున్నాం కదా. గల్ఫ్‌ రొయ్య ఉండేదీ అక్కడే. అడుగును ఊడ్చుకుపోయే రొయ్యల వలల్లో వేలెడంత స్నాపర్లు పడి చచ్చేవి. పిల్లచేపలకు అతిపెద్ద శత్రువు రొయ్యల పడవేనని చాలాకాలం లెక్కగట్టారు. చేపలు తప్పించుకునే కిటికీ వలకు ఉండాలని 1998లో పశ్చిమ గల్ఫ్‌లో నియమం పెట్టారు. అది కొంతవరకే పనిచేసింది.

అంతకన్నా పెద్ద మార్పు ఎవరూ అనుకోని వైపు నుంచి వచ్చింది. 2000ల్లో ఆసియా, దక్షిణ అమెరికా చెరువుల రొయ్య అమెరికా మార్కెట్‌ను ముంచెత్తింది. ధర పడిపోయింది. డీజిలు ధర పెరిగింది. 2005లో కత్రినా హరికేన్‌ పడవల్ని ఒడ్డుకు విసిరేసింది. గల్ఫ్‌ రొయ్యల పడవలు బాగా తగ్గిపోయాయి. ఆ పోటీ తట్టుకోలేకే అక్కడి రొయ్యల జాలర్లు ఆరు దేశాల మీద ఫిర్యాదు చేసి 2005లో సుంకాలు వేయించారు. ఆ ఆరింటిలో మన దేశం ఒకటి. మన రొయ్యలో పెద్ద వాటా ఎక్కడిదో గోదావరి జిల్లాలవాళ్లకూ నెల్లూరువాళ్లకూ చెప్పాలా! భీమవరం చెరువులో రైతు ఏరేటర్‌ తిప్పుతుంటే, దాని పుణ్యం కొంత టెక్సాస్‌ బురదలోని స్నాపర్‌ పిల్లకు దక్కిందన్నమాట. అక్కడి జాలరికి మాత్రం పొట్ట కొట్టింది. ఒకరి మేలు మరొకరి కీడు కావడానికి సముద్రాలు అడ్డం కాదు.

ఇంత హంగామా ఉన్న చేప కదా, అంగట్లో దాని పేరుకూ గిరాకీ ఎక్కువే. ఓషియానా అనే సంస్థ అమెరికా అంతటా దుకాణాల్లో, హోటళ్లలో ‘రెడ్‌ స్నాపర్‌’ అని అమ్మినవాటిని కొని డీఎన్‌ఏ పరీక్ష చేయించి 2013లో ఫలితం ప్రకటించింది. 120 నమూనాల్లో నిజమైన రెడ్‌ స్నాపర్‌ 7! మిగతావాటిలో తిలాపియా కూడా ఉంది. తోలు తీసేసిన ముక్కకు పెద్దపేరు పెట్టడం ఎంతసేపు? అక్కడుండే మనవాళ్లు పులుసుకు కొనేటప్పుడు తలా తోలూ ఉన్న చేపనే అడగడం మేలు. ఎర్ర కన్ను కనిపించాలి.

గాలమే వద్దంటే?

తిరిగి అట్లాంటిక్‌ తీరానికొస్తే, అక్కడి చిక్కుకు అధికారులకు కనిపించిన దారి ఒక్కటే. వదిలేసిన చేప చస్తోంది. వేరే చేపకోసం వేసిన గాలానికే ఇది చిక్కుతోంది. కాబట్టి ఇది తగ్గాలంటే ఆ గాలం కూడా పడకూడదు. 2025 జనవరిలో అలాంటి ప్రతిపాదనే తెచ్చారు. ఈశాన్య ఫ్లోరిడాలో కేప్‌ కెనావరల్‌ నుంచి జార్జియా సరిహద్దు దాకా, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకూ, స్నాపర్‌ ఒక్కటే కాదు, అడుగున ఉండే 50కి పైగా రకాల చేపల్లో దేనికీ సరదా గాలం వేయరాదు.

తీరమంతా భగ్గుమంది. పడవలు అద్దెకిచ్చేవాళ్లు, ఎరలు అమ్మేవాళ్లు, రేవు పక్కన హోటళ్లవాళ్లు. మూడు నెలలు సముద్రం మూసేస్తే మేమేం తినాలన్నారు. మీ లెక్కలే తప్పు, మేం వదిలినవన్నీ చావడం లేదు, ఇప్పుడందరం దింపుడు సాధనాలు వాడుతున్నాం అన్నారు. ఆ వాదనలో బలం లేకపోలేదు. సరదా వేటగాళ్లు ఎన్ని చేపలు వదిలారన్నది ఎక్కువగా వాళ్లను అడిగి రాసుకున్న జవాబులమీద ఆధారపడిన అంచనా. అటు అధికారుల వైపు కూడా న్యాయం ఉంది. అక్కడ దొరుకుతున్న స్నాపర్లు ఎక్కువగా పడుచువి. 50 ఏళ్లు బతికే జాతిలో ముసలివి కనబడకపోతే జనాభా ఎంత పెరిగినా అది సగం కోలుకున్నట్టే. పదేళ్ల చేప కావాలంటే పదేళ్లు ఆగాలి, వేరే దారి లేదు.

2025 జూన్‌లో తుది నిర్ణయం వచ్చింది. మూడు నెలల మూసివేతను పక్కనపెట్టారు. స్నాపర్‌ సీజను తేదీలు ప్రకటించారు: జులై 11, 12. శుక్ర, శనివారాలు. మనిషికి ఒక్క చేప.